దత్తమండలాల్లో వ్యాకరణ పరీక్ష

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు ఎవరైనా నాలుగు వరసలు సరిదిద్ది పంపితే పరిశీలించేవాళ్లకు పెద్ద కష్టం ఉండదు. పాత వరస పక్కన కొత్త వరస పెట్టి, ఏం మారిందో చూసి, బాగుంటే కలుపుకుంటారు. అదే ఒకాయన వ్యాకరణ పార్సర్‌ను, అంటే వాక్యాన్ని విడగొట్టి ఏ పదం దేనితో అన్వయిస్తుందో తేల్చే భాగాన్ని, మొదలంటా తిరగరాసి తెచ్చి ముందు పెడితే ఈ పద్ధతి పనికిరాదు. పోల్చి చూడటానికి పాత వరస ఒక్కటీ మిగిలి ఉండదు. అప్పుడు చూసేవాళ్లు సూత్రాలు పొందికగా ఉన్నాయా, రాసినవాడు పేరున్నవాడేనా, ఎన్ని వరసలు తగ్గాయి అన్న లెక్కల్లో పడతారు. ఇవేవీ అసలు పరీక్ష కావు. జనం మాట్లాడే, రాసే వాక్యాలను అందులో పోసి ఏవి గడిచాయో, ఏవి ఇరుక్కున్నాయో చూడటమే పరీక్ష. ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టలేదు. తెలుగు వ్యాకరణాన్ని గత రెండు వందల ఏళ్లలో పలుమార్లు తిరగరాశారు. ఆ కథలో కీలకమైన మలుపులు కొన్ని ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే అనంతపురం మెట్టతో ముడిపడి ఉన్నాయి. మన సాహిత్య చరిత్రలు ఆ ముడిని అంతగా పట్టించుకోలేదు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంపిణీకి దత్తం చేశాడు. ఇక్కడ పాలించే దొరలకు తెలుగు, కన్నడం రావాలి. అలాంటివాళ్ల చదువు కోసమే 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టారు. దాని పాలకమండలి పెద్ద ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, కార్యదర్శి అలెగ్జాండర్ డంకన్ కాంబెల్. అప్పటికి దొరల లోకంలో చెల్లుబాటైన మాట, తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని. సెరాంపూర్‌లో విలియం కేరీ 1814లో అచ్చువేసిన తెలుగు వ్యాకరణం ఆ పునాది మీదే నిలిచింది. కాంబెల్ 1816లో తన తెలుగు వ్యాకరణం తెచ్చి ఆ పునాదినే మార్చేశాడు. దానికి ముందు ఎల్లిస్ ఒక వివరణ జోడించాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబమని అచ్చులో తొలిసారి నిరూపించింది అదే. ఆ ద్రావిడ కుటుంబం మీద కాల్డ్వెల్ పుస్తకం రావడానికి అప్పటికింకా నలభై ఏళ్లుంది.

ఎల్లిస్ ఏం తేల్చాడన్నదానికన్నా ఎలా తేల్చాడన్నదే నాకు ముఖ్యం. మొదట ధాతువులు తీసుకున్నాడు. కాలేజీలో పండితులైన పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతుమాలను సంస్కృత ధాతువుల పక్కన పెట్టి, రెండూ వేరని చూపించాడు. తెలుగు ధాతువులకు సాటివి తమిళ, కన్నడాల్లో ఎక్కడున్నాయో పట్టిక వేశాడు. తర్వాత మాటలు. మామిడి వెంకయ్య నిఘంటువులోని తత్సమ, తద్భవ, దేశ్య విభజనను ఆధారం చేసుకుని, దేశ్యాలు పక్క భాషల్లోనూ ఉన్నాయని నిలబెట్టాడు. అంతటితో ఆగి ఉంటే ఎవరైనా కొట్టిపారేయవచ్చు; మాటలు అరువు వస్తాయి, పోతాయి. అందుకే మూడో మెట్టుగా వాక్యాలకు వచ్చాడు. ఒకే వాక్యాలను మూడు భాషల్లోకి మార్చి, కట్టుబడి ఒకటేనని చూపాడు. ఈ మూడో మెట్టే పార్సర్‌కు పెట్టే పరీక్ష. పాఠకుడు తనే మళ్లీ చేసి చూసుకునేలా అదంతా పట్టికలతో సహా పుస్తకంలోనే ఉంది. ఆ పట్టికల వెనక చాకిరీ శాస్త్రిది, వెంకయ్యది. పేరు మాత్రం చాలాకాలం ఎల్లిస్‌ది కూడా కాలేదు, కాల్డ్వెల్‌కు పోయింది.

ఎల్లిస్ పద్ధతి ఏమిటో చూడాలంటే రాయదుర్గం, మడకశిర వైపు వెళితే చాలు. అక్కడి సంతల్లో రెండు భాషలూ వినిపిస్తాయి. ‘వాన రాలేదని రైతు ఊరు విడిచిపోయినాడు’ అన్న వాక్యాన్ని కన్నడంలో ‘మళె బరలిల్లవెందు రైత ఊరు బిట్టుహోద’ అంటారు. మాట తర్వాత మాట అదే వరసలో నడుస్తుంది. ‘రాలేదు’ పక్కన ‘అని’, ‘బరలిల్ల’ పక్కన ‘ఎందు’. ‘విడిచి’ మీద ‘పోయినాడు’ వాలినట్టే ‘బిట్టు’ మీద ‘హోద’ వాలుతుంది. ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. సంస్కృతంలోనూ ‘ఇతి’ ఇలాగే వాక్యం చివర వచ్చి కూర్చుంటుంది కదా, ‘అని’ దాని నకలు కాదని ఎలా చెప్పగలం? న్యాయమైన ప్రశ్నే. ఆ ఒక్క లక్షణంతో ఏదీ తేలదు. కానీ ‘రాను, రావు, రాడు, రారు’ తీసుకోండి. కాదనడం క్రియ పొట్టలోనే ఉంది, బయటి నుంచి ‘న’ అనే మాట ఏదీ వచ్చి చేరలేదు. సంస్కృతంలోగానీ ప్రాకృతాల్లోగానీ ఇటువంటి వ్యతిరేక క్రియల వరస లేదు. పాత తమిళ, కన్నడాల్లో ఉంది. ఒక వాక్యం గడవడం నిరూపణ కాదు. వేరువేరు తీరుల వాక్యాలు అన్నీ కలిసి ఒకే దిక్కు చూపితే దాన్ని కాదనడం కష్టం.

కాంబెల్ కథ వ్యాకరణంతో ముగియలేదు. తర్వాత ఆయన బళ్లారి కలెక్టరయ్యాడు. నేటి అనంతపురం, గుత్తి, పెనుకొండ, ధర్మవరం, రాయదుర్గం అంతా అప్పుడు బళ్లారి జిల్లాయే. అనంతపురం విడి జిల్లా అయింది 1882లో. గవర్నర్ మన్రో 1822లో బడుల లెక్కలు అడిగితే కాంబెల్ 1823 ఆగస్టులో నివేదిక పంపాడు. 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు. కన్నడ బడులు 235, తెలుగువి 226. ఒక్క బడికీ ప్రభుత్వం నుంచి పైసా రావడం లేదని సిగ్గుపడుతూ రాసుకున్నాడు. ఆ నివేదిక నేటికీ చర్చకు వచ్చేది ఎక్కువగా ఆ అంకెల వల్లనే. వ్యాకరణకర్తగా ఆయన గమనించిన మరో సంగతి వెనకబడిపోయింది. పిల్లలు వల్లెవేసే పుస్తకాలన్నీ పద్యాలు, ఆ భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు, అర్థం చెప్పగల పంతుళ్లూ తక్కువే అని ఆయన ఫిర్యాదు. తన వ్యాకరణాన్ని ఆంధ్రశబ్దచింతామణి వంటి పండిత గ్రంథాల అండతో కట్టినవాడే, జిల్లా ఏలడానికి వచ్చాక ఆ గ్రంథాల భాషకూ ఊరి భాషకూ మధ్య ఎడాన్ని కళ్లారా చూశాడు. రాసినవాడే తన పనిని రంగంలో పరీక్షకు పెట్టుకున్నట్టయింది, అది అనుకోకుండా జరిగినా.

ఆ ఎడం సంగతి బాగా తెలిసిన మరో దొర సి.పి. బ్రౌన్. అనంతపురం హండె పాళెగాళ్ల చరిత్రను పండితుల భాషలో కాకుండా వాడుక వచనంలో రాసిన పాత రాత ఒకటి ఉంది. రాసిన కాలం దాదాపు 1750 నుంచి 1810 దాకా. బ్రౌన్ దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి 1853లో మద్రాసులో అచ్చుకిచ్చాడు. మెట్టసీమ మామూలు తెలుగు, అనువాదంగానైనా, అచ్చుయంత్రం దాకా వచ్చిన అరుదైన సందర్భం అది. సరిగ్గా ఐదేళ్లకు, 1858లో, పరవస్తు చిన్నయ సూరి బాలవ్యాకరణం వెలువడింది. సూత్రాల పొందికలో దానికి సాటి తెలుగులో లేదు. అయితే అది ఒప్పుకునే వాక్యాలు కావ్యాల నుంచి వచ్చినవి. అనంతపురం చరిత్ర వాక్యాలను సూరి సూత్రాల గుండా పోనిస్తే చాలా మటుకు ‘గ్రామ్యం’ అన్న ముద్రతో వెనక్కి వస్తాయి. అంటే వ్యాకరణం పరీక్షలో తప్పలేదు, పరీక్షే వ్యాకరణానికి అనుకూలంగా ఎంచిపెట్టినది. అరవై ఏళ్ల తర్వాత గిడుగు రామమూర్తి వచ్చి ఆ పరీక్షనే తిరగేశారు. గ్రాంథికవాదులు తాము రాసిన వాక్యాల్లోనే తమ వ్యాకరణాన్ని ఎక్కడెక్కడ మీరారో ఏరి చూపించారు. గిడుగు వాదంలో కోపతాపాలు ఎన్నున్నా, పద్ధతి మాత్రం నిక్కమైనది.

ఆ గిడుగు వర్గంలోని మనిషే చిలుకూరి నారాయణరావు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు చెప్పారు. 1928లో నంద్యాల సభలో ‘దత్తమండలాలు’ అన్న దాస్యపు పేరును తీసేసి ‘రాయలసీమ’ అని ప్రతిపాదించింది ఆయనే. ఆ మార్పును జనం వెంటనే ఒప్పుకున్నారు, ఈనాటికీ అదే చెల్లుతోంది. ఆయన చేసిన రెండో మార్పుకు ఆ అదృష్టం పట్టలేదు. 1937లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించిన ‘ఆంధ్రభాషా చరిత్రము’ రెండు పెద్ద సంపుటాల్లో, తెలుగు ద్రావిడ భాష కాదని, ప్రాకృతాల నుంచి వచ్చిందని వాదించారు. ఒకటి రెండు సూత్రాలు మార్చడం కాదిది. విభక్తులు, సర్వనామాలు, క్రియారూపాలు, మాటల పుట్టుక అన్నిటినీ కొత్త పునాది మీద తిరగరాశారు. ఎల్లిస్, కాంబెల్ ఎక్కడ మొదలుపెట్టారో అక్కడికే వెళ్లి వాళ్లు పాతిన రాయి పెరికారు. ద్రావిడ వాదాన్ని తొలిసారి మోసిన వ్యాకరణకర్త కలెక్టరుగా పాలించిన సీమలోనే, దాన్ని ఎదిరించిన పెద్ద గ్రంథం రాసిన పండితుడు ఉద్యోగం చేశారన్నది చరిత్ర చేసిన చమత్కారం.

నారాయణరావు గారి వాదానికి నేల మీద ఆధారం లేకపోలేదు. గుత్తికి దగ్గర్లోని ఎర్రగుడి బండల మీద అశోకుడి ప్రాకృత శాసనాలు 1920ల చివర్లో వెలుగుచూశాయి. అవి చూస్తే ఎవరికైనా ఈ గడ్డ మీద ప్రాకృతం నడిచిందనే అనిపిస్తుంది. నడిచింది, నిజమే. కానీ ఏలినవారి శాసనభాష కావడం ఒకటి, ఇంటిభాషకు తల్లి కావడం మరొకటి. ఆయన గ్రంథాన్ని పరీక్షించినవాళ్లు పట్టుకోవలసిన ప్రశ్న ఒక్కటే: కొత్త సూత్రాలు మాటలను ఒక్కొక్కటిగా వివరిస్తున్నాయా, లేక ఒకే సూత్రంతో వరసకు వరసను వివరిస్తున్నాయా? రోలును తమిళంలో ఉరల్ అంటారు, కన్నడంలో ఒరళు. రెండును ఇరండు, ఎరడు అంటారు. రేయి అన్నచోట ఇరవు, ఇరుళు ఉన్నాయి. పక్క భాషల్లో అచ్చుతో మొదలైన మాట తెలుగులో హల్లుతో మొదలవుతోంది. అచ్చు, హల్లు తావులు మార్చుకున్నాయి. ఒకటి రెండు మాటల్లోనైతే కాకతాళీయం అనుకోవచ్చు, ఇది వరసగా జరిగింది. ఒక్క సూత్రం చెబితే అన్నీ వచ్చేస్తాయి. ప్రాకృత మూలం చెప్పాలంటే ప్రతి మాటకూ విడివిడిగా ఒక దారి వెతకాలి. గంటి జోగిసోమయాజి 1947లో ‘ఆంధ్రభాషా వికాసము’లో ద్రావిడ పక్షాన్ని మళ్లీ నిలబెట్టారు. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు ధాతువుల మీద రాసిన గ్రంథంతో ఆ తగవు శాస్త్రలోకంలో ముగిసింది.

ఇక్కడే నాకు ఒక పేచీ ఉంది. సిద్ధాంతం వీగిపోయిందని ఆ రెండు సంపుటాలను అటకెక్కించడం మంచి పరిశీలన కాదు. శాసనాల నుంచి, కావ్యాల నుంచి, పలుకుబడి నుంచి ఆయన కుప్పపోసిన రూపాలు సిద్ధాంతంతో పాటు వీగిపోవు. అనుభవం ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలు తిరగరాసిన పార్సర్‌ను వద్దన్నప్పుడు కూడా, దానితో వచ్చిన పరీక్షవాక్యాలు మంచివైతే వాటిని ఉంచుకుంటాయి. నారాయణరావు గారి విషయంలో తెలుగువాళ్లు చేసింది సగం పరిశీలన. తీర్పు సరిగ్గానే చెప్పారు, సరుకు దించుకోలేదు.

ఇంతకూ, పాత వాక్యాలే గీటురాయి అయితే పాత తప్పులు కూడా శాశ్వతమైపోవా అని అడగవచ్చు. దీనికి పైథాన్ అనే కంప్యూటర్ భాష చరిత్రలో మంచి జవాబు ఉంది. 2020లో వచ్చిన 3.9 సంచికలో దాని సృష్టికర్త గిడో వాన్ రోసమ్, మరో ఇద్దరు కలిసి ముప్ఫై ఏళ్ల నాటి పార్సర్ స్థానంలో పూర్తిగా కొత్తది పెట్టారు. సృష్టికర్త రాశాడు కదా అని ఎవరూ కళ్లు మూసుకుని తీసుకోలేదు. భాషతో వచ్చే కోడ్ గ్రంథాలయాన్నంతా, జనం ఎక్కువగా వాడే ప్యాకేజీలను దానిగుండా నడిపి, పాతది ఇచ్చిన అన్వయ వృక్షమూ కొత్తది ఇచ్చిన అన్వయ వృక్షమూ ఒకటేనా అని చూశారు. కావలసినవాళ్లు పాతదానికి మళ్లే వీలును ఒక సంచిక పాటు ఉంచి, 3.10లో తీసేశారు. కొత్త పార్సర్ తేడాగా నడవకూడదని నియమం కాదు, తెలియకుండా తేడాగా నడవకూడదని నియమం. బాలవ్యాకరణం విషయంలో జరిగిన పొరపాటు ఇదే. అది వదిలేసిన వాక్యాల జాబితా ఎవరూ రాయలేదు, వాటన్నిటి మీదా ‘గ్రామ్యం’ అన్న ఒక్క మాట కప్పేశారు.

ఇప్పుడు తెలుగు యంత్రవ్యాకరణాల సంగతికి వద్దాం. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై తర్వాత హైదరాబాదుకు చేరిన అనుసారక బృందం, అక్షర భారతి పేరుతో 1995లో తెచ్చిన పుస్తకంలో పాణిని కారకాలను భారతీయ భాషల పార్సింగుకు వాడే దారి చూపింది. కర్త, కర్మ అన్న పాత కొలతలు కె1, కె2 అన్న గుర్తులై కంప్యూటర్లోకి ఎక్కాయి. స్వేచ్ఛా లైసెన్సు కింద బయటికి వచ్చిన పని అది. మరోవైపు కృష్ణమూర్తి, గ్విన్ 1985లో రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణంలోని ఉదాహరణ వాక్యాల ఆధారంగా తారక రామ, సౌమ్య వజ్జల ఒక ట్రీబ్యాంకు, అంటే అన్వయ గుర్తులు పెట్టిన వాక్యాల నిధి, తయారుచేశారు. యూనివర్సల్ డిపెండెన్సీస్ అనే అంతర్జాతీయ ప్రాజెక్టులో 1,328 వాక్యాలతో అది ఎవరైనా దించుకునేలా ఉంది. తెలుగు పార్సర్‌ను తిరగరాసేవాళ్లు తమ పనికి మార్కులు వేసుకునేందుకు ఎత్తుకునేవాటిలో ఇది మొదటిది. మంచి పుస్తకం, మంచి పని. కానీ వ్యాకరణ పుస్తకంలోని ఉదాహరణలు సూత్రాన్ని చూపడానికి ఎంచినవి. వాటితో వ్యాకరణాన్ని పరీక్షించడమంటే సూరి చేసినదే మరో తీరులో చేయడం. ఆ పుస్తకం వివరించేది శిష్టుల ప్రమాణభాష.

అనంతపురం మాటల్లో ఒకటి చూడండి: ‘రైతు శెనక్కాయ పీకతాండాడు’. పీకతా, ఉండాడు కలిసిన రూపం అది. పార్సర్ ‘పీకుతున్నాడు’ కోసం ‘తున్న’ అన్న ముక్క వెతుకుతుంది, ‘తాండ’ దగ్గర చేతులెత్తేస్తుంది. పోనీ, ఒక్క క్రియ తెలియకపోతే ఏం? తెలుగులో ప్రాణంలేని కర్మకు ‘ని’ చేరకుండానే సరిపోతుంది కాబట్టి రైతు, శెనక్కాయ రెండూ ఒకే రూపంలో నిలబడి ఉన్నాయి. ఏది కర్తో చెప్పే సాక్షి క్రియ చివరి ‘డు’ ఒక్కటే. క్రియను గుర్తుపట్టలేనప్పుడు ఆ సాక్ష్యమూ పోతుంది. ‘శెనక్కాయ రైతు పీకతాండాడు’ అని తిప్పి చెబితే, మాటల వరసను నమ్ముకున్న యంత్రం శెనక్కాయే రైతును పీకుతోందని తేల్చినా ఆశ్చర్యం లేదు. ప్రత్యయం దగ్గర పుట్టిన తప్పు వాక్యమంతా పాకింది.

మాండలికాలకు అంతెక్కడ, ప్రమాణభాష ఒకటి ఉంటే తప్పా అనేవాళ్లు ఉంటారు. రాసేవాడికి ప్రమాణం ఉండటంలో తప్పులేదు. పార్సర్ పని రాయడం కాదు, ఎదుటివాడు రాసింది చదవడం. చదివేవాడు తనకు తెలిసిన యాసనే చదువుతానంటే కుదరదు. ఇప్పుడు యంత్రాలు సూత్రాలతో కాక రాశులకొద్దీ పాఠం చూసి నేర్చుకుంటున్నాయి, ఇక వ్యాకరణ పరీక్ష గొడవ ఎందుకని ఇంకొందరు అంటారు. అలాంటి యంత్రానికి తనకు చూపిన పాఠమే వ్యాకరణం. దానిలో ‘తాండాడు’ లేకపోతే సూత్రంలో లేనట్టే, పైగా ఎక్కడ లేదో చూపించడానికి సూత్రం వరస కూడా ఉండదు. పరీక్షవాక్యాల అవసరం దీనివల్ల పెరిగిందే గానీ తగ్గలేదు. 1816 నాటి పాలకమండలిని నేటి స్వచ్ఛంద బృందాలతో పోల్చడం అతకదన్న అభ్యంతరంలో మాత్రం నిజముంది. అది జీతాలిచ్చే అధికారం, ఇవి ఇష్టంతో చేసే పని. కానీ పరీక్ష పద్ధతిని పుస్తకంలోనే అచ్చువేసి అందరి ముందూ పెట్టడంలో ఎల్లిస్ నేటి బృందాల్లో చాలావాటికన్నా ఒక అడుగు ముందే ఉన్నాడు.

ఈ లోటు తీరడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి తెలుగు శాఖ ఉంది, అదే ఊళ్లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటి ఈ జిల్లా రచయితల కథల నుంచి, హక్కుదారుల అనుమతితో, సీమ సంభాషణలు తీసుకోవచ్చు. సంతలో, చేలో వినే మాటలు వాటికి కలపవచ్చు. తెలుగు విద్యార్థులు ఐదు వందల వాక్యాలకు కర్త, కర్మ, క్రియ గుర్తులు పెట్టి, ఇంజనీరింగు విద్యార్థుల సాయంతో స్వేచ్ఛా లైసెన్సు కింద బయటపెడితే చాలు. తెలుగు పార్సర్‌ను తిరగరాసి తెచ్చినవాళ్ల పనిని పరిశీలించే బాధ్యత మీ మీద ఉంటే, సూత్రాలు చదవకముందే ఆ వాక్యాలు నడిపించండి. ‘తాండాడు’ దగ్గర ఆగిపోయిన పనిని, ఏ వాక్యాలు గడవలేదో రాసిచ్చి, వెనక్కి పంపండి.